మూడు దేశాలకు గద్దను చూపిన మస్తానాబీ

కంబదూరు చుట్టుపక్కల చేలల్లో పిట్టలు తోలే పనికి మస్తానాబీని మించిన మనిషి లేదని అందరూ ఒప్పుకుంటారు. ఒప్పుకోవడానికి ఖర్చేమీ లేదు కాబట్టి ఒప్పుకుంటారు. పెళ్లై వచ్చిన ఏడు నుంచి, ఇప్పుడు అరవై దాటినా, జొన్న కంకి పాలు పట్టింది మొదలు కోత అయ్యేదాకా ఆమె కాపురం మంచె మీదే. చేతిలో రాయి విసిరే వడిసెల, పక్కన వాయించడానికి ఒక రేకు డబ్బా. వాన రాని ఏడు చేను ఉండదు. చేను లేని ఏడు ఆమెకూ పిట్టలకూ ఒకేసారి పని పోతుంది. మా అనంతపురం జిల్లాలో అలాంటి ఏళ్లకు కొదవ లేదు.

రెండేళ్ల కిందట కూడా వాన మొహం చాటేసింది. ఆ ఆగస్టులోనే పుల్లన్న బీడు మీదికి మూడు దేశాల అధికారులు దిగారు. పుల్లన్న మాజీ సర్పంచ్. ఆ మాటలో మాజీ వరకు ఆయన ఒప్పుకోడు. ఆయనకు గుట్ట పక్కన ఏమీ పండని ఇరవై ఎకరాలు ఉన్నాయి. చెట్టు లేనిది, మనిషి తిరగనిది, మబ్బు రానిది అయిన చోటు కోసం ఆ అధికారులు దేశమంతా వెతికారట. మబ్బు రాని చోటు కావాలని వెతుక్కుంటూ వచ్చినవాళ్లను మేము అదే మొదటిసారి చూడటం.

వాళ్లు వచ్చిన పని పెద్దదే. ఈ కాలంలో డ్రోన్లు హద్దులు దాటి వచ్చి బాంబులు వేసి పోతున్నాయి. ఒక దేశం మీదికి వచ్చిన డ్రోను ఎలా ఉంది, ఎంత ఎత్తులో వచ్చింది, ఏ చప్పుడు చేసిందన్న సంగతి పక్క దేశానికి చెబితే, రేపు దాని మీదికి వచ్చినప్పుడు ముందే పట్టుకోవచ్చు. అందుకని మన దేశమూ ఇంకో రెండు దేశాలూ ఒప్పందం రాసుకున్నాయి. ఎవరికి తెలిసింది వాళ్లు తెచ్చి ఒకే యంత్రానికి నేర్పించాలి. ఆ యంత్రం ఆకాశంలో డ్రోనును గుర్తుపట్టి సైరన్ మోగించాలి.

మన దేశం తరఫున వచ్చిన ఇంజనీరు పేరు వనజాక్షి. అనంతపురం టౌను పిల్లే, బెంగళూరులో రక్షణ శాఖ ఆఫీసులో పని. డేరాలు ఊడ్చి టీ ఇవ్వడానికి మనిషి కావాలంటే పుల్లన్న మస్తానాబీని పంపించాడు. చేను లేదు గనక ఆమె పోయింది.

మొదటి రోజు మూడు దేశాలూ చాలా పంచుకున్నాయి. ఓళిగలు పంచుకున్నాయి, ఉడకబెట్టిన శనక్కాయలు పంచుకున్నాయి, పుల్లన్న ఉపన్యాసాన్ని ముప్పావు గంట సేపు సమానంగా పంచుకున్నాయి. సమాచారం దగ్గరికి వచ్చేసరికి ఎవరి కాగితాల పెట్టె మీద వాళ్లు చేయి వేసుకుని, ముందు మీరు తెరవండంటే మీరు తెరవండని మర్యాద చేసుకున్నారు.

"పెండ్లివారు గూడా ఇంత మర్యాద జేసుకోరు గదమ్మా" అంది మస్తానాబీ, టీ గ్లాసులు తీస్తూ.

"ఇట్లే ఉంటాది పెద్దమ్మా. నమ్మకం రావల్ల" అంది వనజాక్షి.

రెండో రోజు మధ్యాహ్నానికి నమ్మకం వచ్చింది. మూడు పెట్టెలూ తెరిచారు. ముఖ్యమైన వరసలన్నిటి మీదా మూడు దేశాలూ ముందే నల్ల సిరా పూసుకుని వచ్చాయి. మిగిలిన వరసల్లో డ్రోను ఎగురుతుందని రాసి ఉంది. దాన్నే యంత్రానికి నేర్పించారు.

మూడో రోజు ఉదయం పరీక్ష. పది మైళ్ల అవతల నుంచి మనవాళ్లే ఒక డ్రోనును వదులుతారు. ఏ దిక్కు నుంచి వచ్చేదీ ముందు చెప్పరు. అది సుద్దపొడి సంచి ఒకటి మోసుకొస్తుంది. డేరా దాకా రాకముందే యంత్రం దాన్ని కనిపెట్టాలి.

యంత్రం ముందు గుట్ట మీది గాలిమరల్ని శత్రువులని చెప్పింది. అవి కదలకుండా ఒకేచోట నిలబడి ఉన్నాయని దానికి నచ్చజెప్పారు. పది గంటలకు ఎండ ఎక్కాక సైరన్ మళ్లీ మోగింది. తెర మీద తూర్పున పద్నాలుగు ఎర్ర చుక్కలు. మూడు దేశాల వాళ్లూ కుర్చీలు తోసుకుని లేచారు.

మస్తానాబీ టీ పళ్లెంతో డేరా బయట నిలబడి ఆకాశం చూసింది.

"వనజమ్మా, అవి గద్దలు. ఆడ ఏదో గొర్రె సచ్చింటాది. పడమట నుంచి ఒగటొస్తాంది చూడు, అది గద్ద గాదు."

వనజాక్షి పడమటికి చూసింది. ఆమెకు ఏమీ కనిపించలేదు. అయినా పరుగున పోయి, విదేశీ అధికారుల్లో పొడుగాయనకు సంగతి చెప్పింది. ఈ సమాచారం ఏ దేశం ఇచ్చిందని ఆయన అడిగాడు. టీ ఇచ్చే ఆమె అని వనజాక్షి చెప్పింది. టీ ఇచ్చే ఆమె ఒప్పందంలో ఉందా అని రెండో దేశం ఆయన అడిగాడు. ఒప్పందం తెప్పించి చూస్తూ ఉండగా పడమటి నుంచి డ్రోను వచ్చి సంచి వదిలింది. అది పుల్లన్న తెల్ల చొక్కా మీద పడింది గనక నష్టం పెద్దగా కనపడలేదు.

అప్పుడు మస్తానాబీకి కుర్చీ వేశారు. మూడు రోజుల్లో ఆమె కూర్చోవడం అదే మొదలు. ఎలా తెలిసిందని అడిగారు. ఆమె చెబుతూ ఉంటే వనజాక్షి ఇంగ్లీషులో చెప్పింది, పొడుగాయన మనుషులు ఇద్దరు రాసుకున్నారు.

"గద్ద గాలి మింద పండుకుంటాది. గాలి యాడికి తోస్తే ఆడికి తేలి, ఒక రెక్క వంచి తిరుగుతాది. ఇది గాలికి ఎదురుగా గూడా గీత గీసినట్ల వస్తాది. ఇంగోటి, గద్ద నీడ పడితే కంపల్లో కౌజు పిట్టలు నోరు మూసుకుంటాయి. ఇది పైనుంచి పోయినా అరుస్తానే ఉంటాయి. వాటికి తెలుసు, ఇది తిండికి రాలేదని."

రాసుకున్నది ఒకసారి చదివి చూసుకున్నారు. తరువాత, పెట్టెల్లోని కాగితాలన్నిటికంటే ఇది పనికొచ్చే ముక్క అని పొడుగాయన అన్నాడట. పనికొచ్చేది గనక వెంటనే దాన్ని రహస్యం చేశారు. కాగితం మీద ఆమె పేరు బదులు 'స్థానిక వనరు' అని రాసి, ఈ సంగతి ఇకమీద ఎవరికీ చెప్పనని వేలిముద్ర వేయించుకున్నారు. నలభై ఏళ్లుగా మంచె కింద నుంచి పోయే ప్రతివాడికీ ఆమె చెప్పిన మాట అది. ఆ రోజు నుంచి ఆమెకే చెప్పే హక్కు పోయింది. వెళ్లేటప్పుడు ఆమెకు ఒక శాలువా కప్పారు. ఆగస్టు ఎండలో శాలువా ఎందుకన్నది కూడా రహస్యమే.

మరుసటి ఏడు నయం. చినుకులు పడ్డాయి, జొన్న నిలబడింది, మస్తానాబీ మంచె ఎక్కింది. కంకులు గట్టిపడే వేళకు ఒక ఉదయం వనజాక్షి ఒక్కతే చేలో దిగింది. నిచ్చెన కింద నిలబడి, చెప్పలేక చెప్పింది.

"పెద్దమ్మా, నువ్వు చెప్పిన మాటలు రాసుకున్న పుస్తకం పొడుగాయన వాళ్ల దేశానికి పోయింది. ఒప్పందం ప్రకారం మాకు మళ్లీ పంపించినారు. ఆ పేజీ మొత్తం నల్ల సిరా."

"ఏమప్పా, మన మాట మనకే ఇయ్యకుండా పోయినారా?"

"మా ఆఫీసులో దాన్ని చదివే అనుమతి ఎవరికీ లేదన్నారు. నేను ఆ పొద్దు ఇంగ్లీషులో చెప్పినాను గానీ, సగం మర్చిపోయినా. ఇంగొకసారి చెప్తావా?"

మస్తానాబీ వడిసెల పక్కన పెట్టింది. వనజాక్షి మీద ఆమెకు కోపం లేదు. డేరాల దగ్గర మూడు రోజులూ ఆ పిల్ల ఒక్కతే తాగిన టీ గ్లాసు తిరిగి ఆమె చేతికి అందించింది.

"వేలిముద్ర ఏసినా గదా తల్లీ. చెప్పగూడదు. చెప్తే జైలన్నారు."

"అది నిజమే" అంది వనజాక్షి, తల వంచుకుని.

"పైకి రా. చెప్పగూడదన్నారు గానీ చూపియ్యగూడదని యాడా అన్లేదు."

మూడు రోజులు వనజాక్షి మంచె మీదే కూర్చుంది. తను తెచ్చిన చిన్న డ్రోనును రోజుకు పది సార్లు ఎగరేసింది. గద్ద వచ్చినప్పుడల్లా మస్తానాబీ మాట్లాడకుండా ఆమె గడ్డం పట్టి ముఖం అటు తిప్పేది. కౌజుల అరుపు ఆగగానే మోకాలి మీద తట్టేది. మొదటి రోజు వనజాక్షికి ఎండకు ముక్కు తోలు ఊడింది, ఇంకేమీ తెలియలేదు. రెండో రోజు నాలుగు తప్పులు. మూడో రోజు మధ్యాహ్నం ఆమె కళ్లు మూసుకుని కౌజుల్ని వింటూ, "గద్ద" అంది. గద్దే. మస్తానాబీ నవ్వి, సద్దిమూటలోంచి రొట్టె తుంచి ఆమె చేతిలో పెట్టింది.

వనజాక్షి తను చూసింది పోయి యంత్రానికి నేర్పించింది. ఆ తరువాత ఇంకో దేశంలో పెట్టిన పరీక్షలో యంత్రం డ్రోనును పట్టుకుందట, ఒక్క గద్దకూ సైరన్ మోగించలేదట. ఇది మూడు దేశాల పరస్పర విశ్వాసానికి ఫలమని పత్రికలు రాశాయి. ఫోటోలో పుల్లన్న కూడా ఉన్నాడు. ఆయన అక్కడికి ఎలా పోయాడో విచారించడానికి ఇంకో ఒప్పందం కావాలి.

ఆ సంగతి చెప్పడానికి వనజాక్షి మళ్లీ వచ్చింది. జొన్న కోత అప్పటికి అయిపోయింది.

"నీ పేరు రాయనీలేదు పెద్దమ్మా. 'స్వయంగా గమనించినది' అని నా పేరు మింద రాసినా. మనసు ఒప్పుకోలేదు, చెప్పిపోదామని వచ్చినా."

"నువ్వు చూసిందే గదా రాసినావు. దాంట్లో అబద్ధం యాడుండాది?"

అని అందే గాని, మస్తానాబీ ముఖం కాసేపు చిన్నబోయింది. వనజాక్షి అది చూసింది.  విడపనకల్లు నల్లరేగళ్లలో ఆలస్యంగా వేసిన జొన్న పాలు పడుతోందనీ, అక్కడ చిలకలు మందలుగా దిగుతున్నాయనీ, వచ్చి తోలమనీ మస్తానాబీకి కబురు వచ్చి ఉంది. కారులో దింపుతానని వనజాక్షి అంది.

"వద్దులే తల్లీ. ఆధార్ చూపిస్తే ఆడోళ్లకు బస్సు ఊరికే" అని, మస్తానాబీ మూట చంకన పెట్టుకుని రోడ్డు వైపు నడిచింది.