పడవలో అరటిపళ్ళు ఉండకూడదు

"నాకు తెలియదండీ" అనడానికి ఇప్పుడు నాకు అరక్షణం పట్టదు. ఇంట్లో రోజుకి పదిసార్లు అంటాను, ఆఫీసులో అంతకు రెట్టింపు. ఆ రోజుల్లో మాత్రం ఆ మాట నా నోట పలికేది కాదు. ఇరవై రెండేళ్ళ వయసు, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, బడిలో చెప్పినదానికి నేను సొంతంగా నాలుగు ముక్కలు కలుపుకున్న ఇంగ్లీషు, ఇవి ఉన్నవాడికి యాంగాన్‌లో (మా మామ్మ పోయేదాకా ఈ ఊరిని రంగం అనే అంది) తెలియని విషయం ఏముంటుందని నా ధీమా. విదేశీయులు మా ఊరు చూడ్డానికి గుంపులుగా రావడం అప్పుడప్పుడే మొదలైంది. పబేడాన్‌లో ఒక టీకొట్టు మేడమీదున్న చిన్న టూరు ఆఫీసులో కుదిరాను. మూడు నెలలు పని చూస్తాం, నచ్చితే ఉంచుతాం, లేకపోతే లేదు అన్నారు. నాన్న నడుం పట్టేసి రేవుపని మానేసి అప్పటికి ఆర్నెల్లు. అమ్మ కుట్టుమిషను మీదే ఇల్లు నడుస్తోంది. అందుచేత ఆ "లేకపోతే లేదు" అన్న ముక్క నాకు అన్నం తింటున్నప్పుడు కూడా వినిపించేది.

మూడో నెల ఆఖరి వారంలో మా యజమానురాలు అందర్నీ పిలిచి, చేపల వేట గురించి ఎవరికి తెలుసని అడిగింది. ఆవిడ అడగడం పూర్తయ్యేలోపే నా చెయ్యి లేచింది. మాది సముద్రపొడ్డు వంశమండీ అన్నాను. అందులో అబద్ధం లేదు. మా ముత్తాత శ్రీకాకుళం వైపు ఏదో సముద్రపొడ్డు నుంచి ఓడెక్కి వచ్చినవాడే. కాకపోతే ఆయన వచ్చింది అహ్లోన్ బియ్యం మిల్లుల్లో బస్తాలు మొయ్యడానికి. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ బజార్లో తప్ప చేపని పట్టుకున్న పాపాన పోలేదు. నాకు ఈత రాదు. నది అవతలి దలా వెళ్ళే ఫెర్రీ ఎక్కితే సరిగ్గా మధ్యలో, ఎటువైపూ నీళ్ళు కనపడని చోటు వెతుక్కుని నిలబడేవాణ్ణి. ఇవేమీ ఆవిడకి తెలియవు. శనివారం ఒక దొరని చేపల వేటకి తీసుకెళ్ళమంది. ఆయన చేప పట్టి నవ్వుతూ తిరిగొస్తే నా ఉద్యోగం ఖాయమనీ, మొహం వేలాడేసుకుని వస్తే సోమవారం నన్ను రావద్దనీ టీ చప్పరిస్తూ చెప్పింది.

పడవ కుదిర్చింది మా చిన్నమావ, అంటే అమ్మ తమ్ముడు. అహ్లోన్ రేవులో ఒక గోదాములో గుమస్తా. ఆయనకి తెలియని పడవవాడు లేడు. దలాలో ఉండే ఒక బర్మా పెద్దాయనతో మాట్లాడాడు. అందరూ ఆయన్ని ఊలే అనే పిలుస్తారు, మనం మావయ్యా అన్నట్టు. మాట తక్కువ మనిషి. ఒకే ఒక్క నియమం పెట్టాడు. బయల్దేరే ముందు నీళ్ళని కాచే దేవుడికి పళ్ళెం పెట్టాలి. అందులో మూడు అత్తాల అరటిపళ్ళు, మధ్యలో తొడిమ ఊడని నిండు కొబ్బరికాయ. కాయ పగలకూడదు, తొడిమ విరగకూడదు, తిరిగి ఒడ్డు చేరేదాకా ఆ పళ్ళెం ఎవరూ ముట్టుకోకూడదు. (కొబ్బరికాయ కనపడితే కొట్టడమే తెలిసినవాళ్ళం మనం. పగలకుండా చూసుకోవడమే పూజ అంటే నాకు భలే తమాషాగా అనిపించింది.) మావ తనకి ఆ రోజు సెలవనీ, నాకు తోడుంటాననీ టిఫిను క్యారేజీతో సహా పడవెక్కాడు.

శనివారం తెల్లారుతూనే దొర పెద్ద టోపీతో, చేతిలో ఒక పెట్టెతో రేవుకి వచ్చాడు. వాళ్ళది చలిదేశం. అక్కడి సరస్సుల్లో వాలై అనే గాజుకళ్ళ చేప ఉంటుందట. దానికోసం పడవ అద్దెకి మాట్లాడుకుని, గాలాలు వెనక్కి వదిలి, మనిషి నడిచేంత నెమ్మదిగా పడవ నడుపుతూ వాటిని లాక్కుంటూ పోతారట. దాన్ని ట్రోలింగ్ అంటారు. గాలానికి ఎర వానపాము కాదు, రంగులేసిన చెక్కచేప. ఇక్కడ వాలై లేదు కాబట్టి అదే పద్ధతిలో పండుగప్పని పట్టాలని ఆయన కోరిక. ఇదంతా ఎప్పటినుంచో తెలిసినవాడిలా తలాడిస్తూ విన్నాను. ఆయన పెట్టె పడవలో పెట్టి ముందువైపు చూశాడు. అక్కడ పళ్ళెంలో పళ్ళు. మొహంలో నవ్వు పోయింది. పడవలో అరటిపండు ఉంటే చేప పడదన్నాడు. వేళాకోళం అనుకుని నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. వాళ్ళ వేటగాళ్ళందరికీ తెలిసిన సంగతేనట అది. ఒకసారి స్నేహితుడెవరో సంచిలో ఒక్కటంటే ఒక్క పండు తెస్తే, రోజంతా ఒక్క చేప కూడా గాలాన్ని ముట్టలేదట. పళ్ళు దిగితేనే తను ఎక్కుతానన్నాడు. అటు చూస్తే, పళ్ళెం దిగితే పడవ కదలదన్నట్టు ఊలే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇద్దరి భాషా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

దొరతో ఇంగ్లీషులో, ఇప్పుడే తీయించేస్తున్నానండీ అన్నాను. ఊలేతో బర్మా భాషలో, పళ్ళకి ఎండ తగులుతుందని దొరగారు బాధపడుతున్నారు, నీడలో పెడదామా అన్నాను. ఊలే నన్ను కాసేపు చూసి తలూపాడు. దొర గాలాలు సర్దుకునేలోపు పళ్ళెం పడవ మధ్యలో, రేకు కప్పు కింద, టార్పాలిన్ కప్పుకుని కూర్చుంది. మావ ఇదంతా చూసి మామూలు గొంతుతోనే మాట్లాడాడు. మా తెలుగు పడవలో ఇంకెవరికి అర్థమవుతుంది గనక.

"ఏటిరా అల్లుడా, ఇద్దరికీ సెరో అబద్దం సెప్పీసినావు. బయటపడిపోతే?"

"పడకుండా సూడు మావా. పడితే సోమారం నుంచి నాకు ఉజ్జోగం నేదు."

ఎటు పోనివ్వమంటావని ఊలే అడిగాడు. నాకేం తెలుసు? అయినా చెయ్యి చాచి, ఓడ నడిపేవాడిలా దక్షిణం చూపించాను. పడవ చివర చుక్కాని పట్టుకుని ఊలే మా వైపు తిరిగి కూర్చున్నాడు. ఆయనకి ముందు పీటమీద దొర, వీపు మా వైపు, కళ్ళు వెనక నీళ్ళమీద. చెరోపక్క వెదురుగొట్టాల్లో రెండు గాలపుకర్రలు. మధ్యలో మావా, నేనూ, మా మధ్య టార్పాలిన్. దాని పక్కనే దొర పెట్టె ఉందని పడవ కదిలాక గానీ గమనించలేదు. గంట గడిచినా ఏమీ పడలేదు. చెక్కచేప మార్చడానికి దొర లేచి పెట్టె దగ్గరికి వచ్చాడు. నేను గభాలున టార్పాలిన్ మీద కూర్చున్నాను. కొబ్బరికాయ మీద కూర్చోవడం ఎలా ఉంటుందో వర్ణించను, కూర్చున్నవాళ్ళకే తెలియాలి. ఆయన ఎర్రది తీసి పచ్చది కట్టాడు, పచ్చది తీసి వెండిరంగుది కట్టాడు, ఇలా అయిదారుసార్లు వచ్చాడు. అయిదారుసార్లూ నేను కూర్చున్నాను. మధ్యమధ్యలో ఆయన వేగం తగ్గించమనేవాడు, పెంచమనేవాడు, నేను ఆ మాట ఊలేకి నా సొంత తెలివిలా చెప్పేవాణ్ణి. ఊరు వెనక్కి పోయింది, ఒడ్డులు దూరం జరిగాయి, ఎండెక్కింది. రేకు కింది వేడికీ నా బరువుకీ పళ్ళు మగ్గి వాసన మొదలైంది.

దొర ముక్కు ఎగబీల్చాడు. లేచి నిలబడి, అరటిపండు వాసన వస్తోందన్నాడు. మా అమ్మ రాసిన తలనూనె వాసనండీ అన్నాను. ఆయన ఆ నూనె సంగతి తేల్చుకోవడానికి నా తల వైపు రెండడుగులు వేశాడు. సరిగ్గా అప్పుడే పడవ అలకి అడ్డం తిరిగింది, దొర వెళ్ళి తన పీటమీద కూలబడ్డాడు. ఎడమ గాలం దేనికో తగిలినట్టుంది, చూసుకోమని చెప్పు అని ఊలే నాతో బర్మా భాషలో అన్నాడు. నా అదృష్టం బాగుందనుకున్నాను. కానీ ఎంతసేపు బాగుంటుంది? మావ ఆలోచించి ఒక దారి చెప్పాడు. నీళ్ళలో పారేస్తే పళ్ళు తేలుకుంటూ తిన్నగా దొర కళ్ళముందుకే పోతాయి, కాబట్టి తినెయ్యడమే మేలు, పొట్టలో ఉన్నవి పడవలో ఉన్నట్టు కాదు అన్నాడు. దేవుడి పళ్ళు కదా మావా అన్నాను.

"దేవుడు సెమిస్తాడురా. మీ మేడం సెమించదు."

ఆ మాటతో నాకు జ్ఞానోదయమైంది. కడుపులో తిప్పుతున్నవాడిలా టార్పాలిన్ కింద తలదూర్చి తినడం మొదలుపెట్టాను. పద్నాలుగు తిన్నాను. పద్నాలుగయ్యాయి మావా, పదిహేనోది నావల్ల కాదన్నాను. మిగతావన్నీ మావ, పాపం, నాకోసం తిన్నాడు. తొక్కలు టిఫిను క్యారేజీలో పెట్టి మూత బిగించాం. నేను తల బయటపెట్టినప్పుడల్లా ఊలే ఆకాశం వైపు చూస్తున్నాడు. ఆయన భుజాలు కదులుతుంటే దగ్గు పట్టుకుందనుకున్నాను.

పళ్ళు పోయాయి, ఇక చేపలు బారులు తీరతాయనుకున్నాను. ఒక్కటీ రాలేదు. ఊలే నన్నడక్కుండానే పడవని ఒక బురదదిబ్బ వైపు మళ్ళించాడు. గాలి పెరిగింది, అందుకే కాబోలనుకున్నాను. నది సముద్రానికి దగ్గరైనకొద్దీ పడవ ఊగడం ఎక్కువైంది. దొర గడియారం చూసుకుని, ఇంకో అరగంట చూసి వెనక్కి పోదామన్నాడు. ఆ గొంతులో మా యజమానురాలి గొంతు వినపడింది నాకు. ఆసరాకని టార్పాలిన్ కింద చెయ్యి పెడితే కొబ్బరికాయ తగిలింది, దాని పక్కనే విడిగా ఒక పుల్ల. తొడిమ విరిగిపోయింది, నా బరువుకే. పడవ ఇంకోసారి పక్కకి ఒరిగింది. పొద్దున్న దొర నమ్మకాన్నీ ఊలే నమ్మకాన్నీ చూసి లోలోపల నవ్వుకున్నవాణ్ణి, ఇప్పుడు ఆ పడవలో రెండింటినీ ఒకేసారి నమ్మినవాణ్ణి నేనే. ఉద్యోగం సంగతి తర్వాత, ఈత రానివాణ్ణి ముందు ఒడ్డు చేరితే చాలనిపించింది. తప్పు చేస్తే అమ్మవారి గుళ్ళో మా ఇంట్లోవాళ్ళు ఏం చేస్తారో నా చేతులకి అదొక్కటే తెలుసు. తప్పయింది, కాపాడు అని కళ్ళు మూసుకుని, కాయని లంగరు ఇనుము మీద బలంగా కొట్టాను.

ఫట్టున పగిలి నీళ్ళు దొర మెడమీద పడ్డాయి. ఆయన వెనక్కి తిరిగాడు. ఊలే నా చేతుల వైపు చూశాడు. నా రెండు అబద్ధాలూ రెండు చిప్పలై నా చేతుల్లో ఉన్నాయి. టార్పాలిన్ తొలగి, పళ్ళెంలో బోడి అత్తాలు అందరికీ కనపడుతున్నాయి. ఎవరైనా నోరు తెరిచేలోపే కుడివైపు గాలపుకర్ర విల్లులా వంగింది, రీలు గిర్రున తిరిగి కీచుమంది. దొర నన్ను మరిచిపోయి అటు దూకాడు. ఊలే ఇంజను ఆపాడు. ఆ తర్వాత పావుగంట పడవలో ఊపిరి పీల్చిన గుర్తు లేదు. దారం పోతుంది, వస్తుంది, మళ్ళీ పోతుంది. ఒకసారి సడలిపోతే తెగిందనే అనుకుని నా సోమవారానికి దణ్ణం పెట్టేశాను. చివరికి వెండిరంగు పొట్ట ఒకటి పడవ పక్కన తళుక్కుమంది. వల పట్టుకుని నేను వంగాను, నా నడుం పట్టుకుని మావ వెనక్కి వాలాడు, ఇద్దరం కలిసి లోపల పడ్డాం, మా మీద పండుగప్ప పడింది. నిలబెడితే నా నడుం దాకా వస్తుంది. దొర ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. ఫోటోలన్నీ అయ్యాక, ఇందాక ఆ కాయ ఎందుకు కొట్టావని అడిగాడు. చేపని పిలిచే మా వంశాచారం అన్నాను. ఆయన పుస్తకం తీసి శ్రద్ధగా రాసుకున్నాడు, బోడి అత్తాల గురించి అడగడమే మరిచిపోయాడు. వాళ్ళ ఊళ్ళో వాలై కోసం కూడా కొడతానన్నాడు. (ఆ చలిలో కొబ్బరికాయ ఎక్కడ దొరికిందో, ఏ సరస్సు దగ్గర ఎవరు నవ్వారో నాకు తెలియదు.)

సాయంత్రం రేవులో దొర ఆఫీసుకి ఫోను చేసి నా గురించి నాలుగు మంచిమాటలు చెప్పి, చేపతో కారెక్కాడు. ఉద్యోగం నిలబడింది. ఇక మిగిలింది ఊలే. ఆయన పళ్ళెం చేతిలోకి తీసుకుని బోడి అత్తాలని, రెండు చిప్పలని, విరిగిన తొడిమని ఒక్కొక్కటే చూశాడు. నేను బర్మా భాషలో గాలిని, అలని, ఎక్కడినుంచో వచ్చిన కాకుల్ని కలిపి ఒక కథ మొదలుపెట్టాను. ఆయన ఓపిగ్గా చివరిదాకా విని, మా అహ్లోన్ తెలుగులో అడిగాడు.

"పద్నాలుగు నువ్వు, మిగతాయి మీ మావ. తియ్యగున్నాయేటి?"

మావ చేతిలోంచి క్యారేజీ జారి తొక్కలన్నీ రేవులో పడ్డాయి. ఊలే కుర్రతనంలో అహ్లోన్ మిల్లుల్లో మనవాళ్ళ పక్కనే బస్తాలు మోశాడట. పొద్దుటినుంచీ మేం మాట్లాడుకున్న ప్రతి ముక్కా విన్నాడు. దొర నా మీదికి వచ్చినప్పుడు పడవ అడ్డం తిరిగింది నా అదృష్టం వల్ల కాదు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. అంతా తెలిసీ ఎందుకు ఊరుకున్నావు ఊలే అని అడిగాను.

"ఉజ్జోగం పోతాదని మీ మావతో అన్నావు గదా. దేవుడికి పళ్ళు రేపు ఎట్టుకుంటాను. నీకు రేపు ఉజ్జోగం ఎవులిత్తారు?" అన్నాడు. పడవ తాడు కడుతూ, నా వైపు చూడకుండా ఇంకో మాట అన్నాడు. "ఆటు మొదలైతే సేప ఆ దిబ్బకాడికే వత్తాది. పొద్దున్నించీ నాకు తెలుసు. నువ్వు అడగనేదు. తెల్దు ఊలే అని ఒక్క మాటంటే, తిన్నగా అక్కడికే తోలుదును."

ఆ ఆఫీసు ఇప్పుడు లేదు. యాత్రికులూ పలచబడ్డారు, నేనూ వేరే పనిలో పడ్డాను. మావ ఆ రోజు నుంచి అరటిపండు ముట్టడు. ఊలే చుక్కాని వదిలేసి దలాలో ఇంటి అరుగుమీద కూర్చుంటున్నాడు. ఏడాదికి రెండుమూడుసార్లు ఫెర్రీ ఎక్కి ఆయన దగ్గరికి వెళతాను. ఇప్పటికీ ఈత రాదు, ఇప్పటికీ మధ్యలోనే నిలబడతాను. చేతిలో తొడిమ ఊడని కొబ్బరికాయ, మూడు అత్తాల పళ్ళు ఉంటాయి. ఆయన పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, చూపు ఆనక వేళ్ళతో తడుముతూ తెలుగులో ఒక్కొక్క పండూ లెక్కపెడతాడు. చివరికి తలెత్తి, ఒకటి తగ్గిందేటి అని అడుగుతాడు. తెల్దు ఊలే, అంటాను. ఆ ఒక్కటీ ప్రతిసారీ ఫెర్రీలో నేనే తినేస్తాను, ఆయన ఆ మాట అడగాలని.