ఒకే మెయిల్ నుంచి వచ్చిన ఆరు వ్యాసాలు

మొన్న పింఛనుకు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ధవళేశ్వరంలో మా వీధి చివరి నెట్ సెంటర్‌కి వెళితే, దాన్ని నడిపే ఆవిడ "మెయిల్ ఐడీ గుర్తు లేదా మాస్టారూ? పర్లేదండి, మాది పెట్టేస్తాను" అంది. ఆ మాటతో ఉప్పాడ అమ్మాయి గుర్తొచ్చింది.

నాలాగే నలభై దాటాక కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది, కొత్తగా అబ్బిన విద్య మనిషికి ఎంత గర్వం తెస్తుందో. యూనివర్సిటీలో ఎం.ఏ. పిల్లలకు పాఠాలు చెప్పే రోజుల్లో, మా అబ్బాయి దగ్గర మెయిల్ పంపడం నేర్చుకున్న నెలకే, ఇంటర్నల్ మార్కుల వ్యాసాలు కాగితం మీద తీసుకోనని, మెయిల్లోనే పంపాలని క్లాసులో ప్రకటించాను. రాజమండ్రి పిల్లలు చకచకా పంపేశారు; కొందరు నెట్‌లో దొరికింది దొరికినట్టు దింపారని తెలిసినా మార్కులు వేశాను. ఆ ఉప్పాడ అమ్మాయి, హాస్టల్లో ఉండే, చేపల వేట మీద బతికే ఇంటి పిల్ల, మరో ఐదుగురు పల్లెటూరి పిల్లలతో కలిసి, చేత్తో రాసుకున్న కాగితాలు పట్టుకుని నెట్ సెంటర్‌కి వెళ్లింది. సెంటరాయన టైపు చేసి ఆరింటినీ తన మెయిల్ నుంచే పంపాడు. నేను ఒకే అడ్రసు చూసి కాపీ అనుకుని, తెరవకుండానే ఆరుగురికీ సున్నా వేశాను.

ఆ అమ్మాయి స్టాఫ్ రూముకు వచ్చింది. "మాకు మెయిల్ లేదండి, సెంటరాయనే తన దాంట్లోంచి పంపేశారండి. ఒక్కసారి తెరిచి చూడండి సార్, ఈ పేపరు పోతే మా ఇంట్లో ఇంక చదివించరండి" అంది. "ఏంటమ్మా, ఆరుగురికీ ఒకటే బుర్రా?" అన్నాను. పక్కనున్న మాస్టార్లు నవ్వారు. నవ్వించినందుకు నాకు సంతోషం కూడా వేసింది.

వేసవి సెలవుల్లో డిపార్ట్‌మెంట్ కంప్యూటర్లో పాత మెయిళ్లు తీసేస్తూ ఆ ఆరు వ్యాసాలనూ తెరిచాను. ఆరూ ఆరు రకాలు. ఉప్పాడ అమ్మాయి, సముద్రం కోసుకుపోయిన తమ వీధిలోని ఇళ్లను నాయనమ్మ చెప్పగా వరసగా రాసుకుని, ఏ ఇంటివాళ్లు ఎక్కడికి చేరారో అడిగి తెలుసుకుని రాసింది. అలాంటిది నేను రాయలేను. అప్పటికే మార్కుల జాబితా వెళ్లిపోయింది. పొరపాటు నాదేనని పరీక్షల విభాగానికి ఒక ఉత్తరం రాస్తే సరిపోయేది; తోటివాళ్ల ముందు చిన్నబోతానని రాయలేదు. మిగతా ఐదుగురూ ఆ పేపరు మళ్లీ రాసి గట్టెక్కారు. రెండో ఏడు ఆమె రాలేదు.

ఆ తర్వాత ప్రతి ఏడూ మొదటి క్లాసు కంప్యూటర్ ల్యాబ్‌లోనే పెట్టి, తెలియనివాళ్ల పక్కన కూర్చుని మెయిల్ తెరిపించేవాణ్ణి. మంచి మాస్టారని పేరొచ్చింది. ఇప్పుడు పిల్లలందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, మార్కులు తప్పు పడితే కూర్చున్నచోటనే దిద్దేయొచ్చంటున్నారు. సంతోషమే. కానీ ఆ వేసవిలోనూ నా దగ్గర కాగితం ఉంది, పెన్ను ఉంది, మెట్లు దిగితే కింది అంతస్తులోనే పరీక్షల విభాగం ఉంది.