ఆఖరి పాటకి ఒక ఈల

అమెరికాలో నేనుండే మాసన్ లేక్స్ నుంచి రెండు గంటలు కారు నడుపుకుంటూ ఒక చిన్న ఊరి హాలుకి బ్లూగ్రాస్ అనే అక్కడి పల్లె పాటలు వినడానికి వెళ్లాను. బాంజో, ఫిడేలు, గిటారు పట్టుకున్న ఐదుగురు పాతకాలం పద్ధతిలో ఒకే మైకు చుట్టూ నిలబడ్డారు. ఎవరి వంతు వస్తే వాళ్లు మైకు దగ్గరికి జరుగుతున్నారు. అదంతా ఊరి రేడియోలో లైవ్ వెళ్తోంది.

మధ్యలో ఫోన్ వస్తే బయటికొచ్చాను. ఒక పెద్దాయన తన పికప్ ట్రక్కులో కూర్చుని అదే ప్రోగ్రాం రేడియోలో వింటున్నాడు. నేను ఊరుకోలేను కదా, అడిగేశాను.

"లోపల కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి అంకుల్, ఇక్కడ కూర్చున్నారేం?"

"గ్రాహం అను చాలు," అన్నాడు. "మా ఆవిడ నర్సింగ్ హోంలో ఇదే వింటోంది. తనకి మాట పడిపోయింది. వినడం బాగానే వింటుంది. తను వినేది తను వినేలాగే, రేడియోలోనే, నేనూ వినాలని ఇక్కడ కూర్చుంటాను."

అనవసరంగా అడిగానని నాలుక కరుచుకున్నాను.

ఆఖరి పాట మొదలవగానే ఆయన ట్రక్కు దిగాడు. "కాసేపు ఇక్కడ కూర్చుని వింటావా?" అని నన్ను కూర్చోబెట్టి హాల్లోకి వెళ్లాడు.

పాట అయిపోయి, రేడియోలో చప్పట్లు మోగాయి. వాటి మధ్య నుంచి పొడుగాటి ఈల ఒకటి వినిపించింది.

గ్రాహం ఆయాసపడుతూ తిరిగొచ్చాడు. "నా ఈల వినపడిందా?"

"బాగా వినపడింది."

ఆయన చెయ్యి చాపి రేడియో కట్టేశాడు.

"ప్రతిసారీ తన కోసం వేసే ఈల రేడియోలో వినపడుతోందా అని ఇన్నాళ్లూ అడుగుదామంటే చెప్పేవాళ్లు లేరు," అన్నాడు.