ఉత్తరం వైపు తల

మా ఉద్దానంలో ఉత్తరం వైపు తలపెట్టి ఎవరూ పడుకోరు. ఎందుకని అడిగితే పెద్దవాళ్ళు "అంతే" అనేవారు. ఆ మాటతో ఊరుకున్నా బాగుండేది. కొత్తగా భౌతికశాస్త్రం టీచరునయ్యాక ప్రతిదానికీ కారణం చెప్పాలనే తీట నాకు పుట్టింది. భూమి పెద్ద అయస్కాంతమనీ, మన రక్తంలో ఇనుముందనీ, ఉత్తరానికి తలపెడితే ఆ ఇనుమంతా మెదడుకెక్కుతుందనీ అక్కుపల్లిలో మా అమ్మకీ, అరుగు మీద చేరిన అమ్మలక్కలకీ గంటసేపు చెప్పాను. ఇనుముందన్నది నిజమే గానీ అది మేకుల్లాంటి ఇనుము కాదు, భూమి లాగితే కదలదు. ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు. అందరూ నోరెళ్ళబెట్టి వింటుంటే ఆపబుద్ధి కాలేదు.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి అమ్మ కిడ్నీలు పాడయ్యాయి. మా వైపు ఇదేం కొత్త వార్త కాదు. డయాలసిస్‌కి పలాస తీసుకెళ్తే, మంచం చూసి అమ్మ మొరాయించింది. తల ఉత్తరానికి వస్తుందట. యంత్రమూ గొట్టాలూ అటే ఉన్నాయి, తిప్పడం కుదరదని నర్సు చెప్పింది. అదంతా ఉత్త నమ్మకమని నేనన్నాను.

"ఒలే, సెప్పింది నువ్వే కదేటి," అంది అమ్మ.

ఆ రోజు తిరిగొచ్చేశాం. తెల్లారేసరికి ఆవిడ ముఖం వాచిపోయింది. రెండడుగులు వేస్తే ఆయాసం. ఇంకోసారి మానేస్తే మనిషి దక్కదని డాక్టరు చెప్పారు. నాకు నిజంగా భయం వేసింది. అప్పుడు చెప్పింది తప్పమ్మా అని బతిమాలాను. మంచం ఎక్కించడానికి నువ్విప్పుడు అబద్ధమాడుతున్నావంది.

నిజం పనిచెయ్యలేదు గనక మళ్ళీ సైన్సునే నమ్ముకున్నాను. నందిగాంలో మా బడికి పరుగెత్తి దిక్సూచీ, ఒక దండాయస్కాంతమూ తెచ్చి, అమ్మని మళ్ళీ వార్డుకి తీసుకెళ్ళాను. అయస్కాంతాన్ని రుమాల్లో చుట్టి ఎడమ చేత్తో కుచ్చిళ్ళ దగ్గర దాచుకుని, మంచం కాళ్ళవైపు నిలబడి, కుడి అరచేతిలో దిక్సూచి పెట్టి చూపించాను. నావైపు తిరగాల్సిన ముల్లు సూటిగా తలగడకేసి చూపించింది, మామూలుకన్నా గట్టిగా. పిల్లలు పడేసి పడేసి రంగు పోయిన ఆ కడ్డీకి ఏ కొస ఉత్తర ధ్రువమో నేను చూసుకోలేదు. సజాతి ధ్రువాలు వికర్షించుకుంటాయని ఏటా బోర్డు మీద రాసే మనిషిని. దగ్గొచ్చినట్టు పక్కకి తిరిగి కడ్డీని తిరగేశాను. ముల్లు గిర్రున తిరిగి నావైపు నిలబడింది. ఉత్తరం ఇటుంది చూడమన్నాను. అమ్మ ముల్లునీ నన్నూ మార్చి మార్చి చూసి, మంచమెక్కి పడుకుంది.

ఆటోలో ఇంటికొస్తూ నా తెలివికి నేనే మురిసిపోతుంటే అమ్మ అంది, "ఆ వార్డు కిటికీలోంచి పొద్దుటెండ పడతంది. సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని, ఏ దిక్కేటో నాకు తెల్దేటి?"

మరెందుకు పడుకున్నావని అడిగాను.

"నీ సేతులు వణికిపోతన్నాయి. నాకన్నా నీకే ఎక్కువ బయంగా ఉందనుకున్నాను. మళ్ళీసారి ఆ రుమాల్లో ఇనప ముక్క బళ్ళోనే వొదిలీ. ఒట్టి సేతుల్తో వత్తే నా సెయ్యట్టుకుని కూకోవచ్చు."