ఇద్దరు ఈదమ్మలు

కేతేపల్లి భాగ్యశ్రీ అంటే ఏమనుకున్నారు! హైదరాబాద్‌లో ఆమె కంపెనీ దవాఖానలకూ, గోదాములకూ, కాలేజీలకూ సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. అన్నిటికీ పనికొచ్చే కోడ్‌ను ఒక్కసారి రాసి, అందరూ అందులోంచే వాడుకునేలా పెడతారు. దాన్నే లైబ్రరీ అంటారు. మనుషుల వివరాలు చూసుకునే లైబ్రరీ భాగ్యశ్రీ రాసిందే. పన్నెండు అప్లికేషన్లు దాని మీదే నడుస్తున్నాయి. కూలికి పోయి చదివించిన తల్లి ఈదమ్మకు ఆ మాట వింటేనే కడుపు నిండేది.

ఒకరోజు ఆ తల్లే కట్టంగూర్‌లోని ఓ దవాఖాన నుంచి ఫోన్ చేసింది.

"బిడ్డా, గీ కంప్యూటర్ల నేను లేనట. మా అక్క ఒక్కతే ఉన్నదట. అక్క మందులే నాకియ్యబోయిండ్రు."

భాగ్యశ్రీకి వెంటనే అర్థమైంది. అక్కడ నడిచేది తన లైబ్రరీయే. పేరు, తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ ఒకటైతే ఇద్దరినీ ఒక్కరిగా కలిపేయమని రాసింది తనే. వాళ్ల ఊళ్లో దేవత ఈదమ్మ పేరు అక్కకూ పెడతారు, చెల్లెకూ పెడతారు. పిలవడానికి పెద్ద ఈదమ్మ, చిన్న ఈదమ్మ. కాగితాల్లో మాత్రం ఇద్దరూ ఈదమ్మలే. పుట్టిన తేదీ అంటారా, ఎవరో అందాజుగా ఇద్దరికీ ఒకే ఏడాది జనవరి ఒకటి రాసిపెట్టారు. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగి ఈ సంగతి మరిచిందే, ఎంత సిగ్గు!

టీమ్ లీడర్ నాగేందర్ వారించాడు. "గా ఒక్క దవాఖానల సరిచెయ్. లైబ్రరీ జోలికి పోకు. అన్ని అప్లికేషన్లు ఆగినయంటే నీ నౌకరీ, నా నౌకరీ రెండూ పోతయ్."

"గట్లెట్లన్నా? చిన్న ఈదమ్మలు ఊరూరా ఉన్నరు. లైబ్రరీల మారిస్తేనే అందరికీ మారుతది. ఏమన్నయితే నా పేరే చెప్పు."

మహా మొండిది. కలిసిపోయినవాళ్లను విడదీసింది. ఇకమీదట అనుమానమొస్తే కంప్యూటర్ తనంతట తానే కలపకుండా, ఎదుటి మనిషినే అడగమని రాసింది. పన్నెండింటినీ ఒక్కొక్కటే పరీక్షించి విడుదల చేసింది. ఒక్కటీ ఆగలేదు. పైగా కాలేజీలో, గోదాములో కలిసిపోయిన మనుషులూ బయటపడ్డారు. "శభాష్ చెల్లె!" అన్నాడు నాగేందర్.

ఆ వారమే తల్లిని తీసుకుని దవాఖానకు పోయింది. కౌంటర్‌లో అమ్మాయి తెర చూసి అడిగింది. "అవ్వా, గిక్కడ ఈదమ్మలు ఇద్దరున్నరు. నువ్వెవరు?"

ఈదమ్మ కొంగు సర్దుకుంది. వెనక వరుసలో ఉన్నవాళ్లందరికీ వినబడేలా చెప్పింది.

"నేను భాగ్యశ్రీ వాళ్లమ్మను."