ఓడసాయిబు ఇంట్లో పడమటి గోడ

తుఫానులు, మునిగిన ఓడలు, ఏడు సముద్రాలు దాటిన ఒక కెప్టెన్ ఆత్మ. ఇవన్నీ ఉన్న మహాగాథ ఒకటి చెప్పబోతున్నాను. అన్నానే గానీ, నిజానికి నా దగ్గర ఉన్నది ఒక గోడ. దానికి పట్టిన చెమ్మ.

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. ఒకవేళ ఉన్నా, మా అనంతపురం కరువుకు అవి కూడా ఎప్పుడో బెంగళూరుకు వలసపోయి ఉంటాయని అనుకునేవాణ్ణి.

తనకల్లు దగ్గర మా ఊళ్లో ఓడసాయిబు ఇల్లని ఒకటుంది. కుర్రతనంలోనే బొంబాయి పారిపోయి, ఓడలో గిన్నెలు తోమి, చివరికి ఓడనే నడిపిన కెప్టెన్ ఆయన. ముసలితనంలో తిరిగొచ్చి, సముద్రం వాసన కూడా తగలని మెట్టనేల మీద ఈ ఇల్లు కట్టించాడు. గుండ్రటి కిటికీలు. నిచ్చెనలా నిటారుగా మెట్లు. మిద్దె చుట్టూ ఇనుప కమ్ములు, అలలకు ఎవరూ జారిపడకుండా. ప్రతి వాకిలికీ మోకాలెత్తు గడప, నీళ్లు లోపలికి రాకుండా. మా ఊళ్లో నీళ్లు లోపలికి రావాలంటే బిందెతో మోసుకు రావాలి.

ఆయన పోయాక బంధువులు దాన్ని మా నాయనకు అమ్మారు. ఇంటి వెనకే మా చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉండేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, నేను కదిరిలో డిగ్రీ చదివేటప్పుడు, వరసగా వానలు లేవు. తోటలో బోరు ఎండిపోయింది. బిడ్డల్లా పెంచిన చెట్లు ఆకులు ముడుచుకున్నాయి. ఆ ఎండాకాలం గట్టెక్కకపోతే తోటంతా కట్టెలే.

అప్పుడే పడమటి గది గోడకు తడి మొదలైంది. పొద్దున మోకాలి దాకా ఉండేది. మధ్యాహ్నానికి నేలకు దిగేది. సాయంత్రం మళ్లీ ఎక్కేది. రోజురోజుకూ కాస్త ఆలస్యంగా. నేను బొగ్గుతో గీతలు గీసి మరీ చూశాను. అమావాస్యకూ పున్నమికీ నడుము దాకా వచ్చింది. సముద్రానికి ఆటుపోట్లు అలాగే వస్తాయని బడిలో చదువుకున్నదే.

ఇంకో ఊళ్లో అయితే ఇల్లు ఖాళీ చేసేవాళ్లు. మా నాయన గోడను నాకి చూశాడు.

"ఉప్పగా ఉండాది" అన్నాడు.

"అది సముద్రం నీళ్లు నాయనా" అన్నాను.

"యాడివైతే ఏమిరా. నీళ్లే కదా."

మరుసటి రోజు టెంకాయతో నీళ్లు చూసే ఈరన్నను పిలిపించాడు. అరచేతిలో అడ్డంగా పెట్టుకున్న టెంకాయ ఎక్కడ నిటారుగా లేస్తే అక్కడ బోరు వేయడం మా వైపు పద్ధతి. ఈరన్న తోటంతా తిరిగినా టెంకాయ కదల్లేదు. ఆ గోడ దగ్గరికి రాగానే లేచి నిలబడింది.

"ఈడనే అన్నా. కింద కాలవే పోతాండాది" అన్నాడు నాయనతో.

దయ్యం ఉంటే ఏం చేద్దామని నేనడిగాను. ఈరన్న నన్ను జాలిగా చూశాడు. "ఉంటే ఉండనీప్పా. మోటరు బిగిస్తే అదే పోతాది."

నాయన ఎద్దులను అమ్మి బోరు బండిని తెప్పించాడు. గదిలోకి బండి పట్టదు కాబట్టి గోడకు అవతల, పట్టపగలు, ఊరంతా చూస్తుండగా వేయించాడు. దుమ్ము వచ్చింది. రాయి పగిలింది. మళ్లీ దుమ్మే. ఇంక దించడానికి రాడ్లు లేవని బండివాడు ఆపేశాడు.

నాయన లోపలికి వెళ్లాడు. వెనకే నేనూ వెళ్లాను. గోడ నడుము దాకా తడిసి, కారుతోంది. నాయన దాని మీద అరచెయ్యి ఆనించాడు. చేతికున్న దుమ్ము బురదయింది.

"చేతికి అంటుతాది, చెట్టుకు అందదు. ఇదేం న్యాయం సాయిబూ" అన్నాడు గోడతో.

నాకు భయం కాదు, ఒళ్లు మండింది. భయపెట్టడానికి నీళ్లున్నాయి, చెట్టుకు పోయడానికి లేవు. అదేం దయ్యం.

తోట ఎండిపోయింది. కట్టెలకు కొట్టేశాం. తెలిసిన ఇంజనీరు ఒకాయన వచ్చి, గోడ కట్టడానికి సముద్రపు ఇసుక వాడి ఉంటారని, ఆ ఉప్పు గాలిలో తేమను లాగుతోందని చెప్పాడు. గాలిలో తేమ ఉంటే మాకీ తిప్పలెందుకు. పున్నమి సంగతేమిటని అడిగితే టీ తాగి వెళ్లిపోయాడు. ఆ తడి ఏమిటో నాకు ఈరోజుకీ తెలియదు.

ఇప్పుడా గదిలో వేరుశనగ బస్తాలు వేస్తున్నాం. గోడకు మూరెడు ఎడం వదిలి, కింద చెక్కలు పరచాలి. లేకపోతే అడుగు బస్తాకు బూజు పడుతుంది.