రాంబాబు బావ దిగి నడవని ఒక్క రోజు

నిన్న ఉదయం 8:40కి, చల్లపల్లి దాటాక బందరు రోడ్డు మీద, మా రాంబాబు బావ చనిపోయాడు. లారీ వెనక చక్రం ఛాతీ మీదుగా వెళ్లింది.

నేను ఇరవై అడుగుల వెనక ఉన్నాను. కళ్లారా చూశాను. అయినా "నిజమేనా?" అని ఫోన్ చేసిన ప్రతివాళ్లకీ నిజమేనని చెప్తుంటే, ఆ మాట ఇంకెవరి గురించో అనిపించింది.

తెలియనివాళ్ల కోసం. బావకి యాభై రెండేళ్లు. పెడనలో కలంకారీ అద్దకం పని. నాకు వరసకి ఏమీ కాడు. సైకిల్ మీద పరిచయమైన వాళ్లందరికీ బావే.

మంచు కురిసే నెలల్లో ఎదురొచ్చే బండి కనబడదు. అందుకని మా గ్రూప్ ఆ రోజుల్లో సైకిళ్లు తియ్యదు. బావ తన రెండు సైకిళ్లనీ అద్దకం షెడ్డులో దూలానికి వేలాడదీసేవాడు. ఒకటి రోడ్ బైక్, ఒకటి మౌంటెన్ బైక్.

"దివిసీమలో కొండెక్కడుంది బావా?" అని అడిగితే, "కరకట్ట ఎక్కి చూడరా, కొండలన్నీ తిరగబడి గోతుల్లో ఉన్నాయి" అనేవాడు.

మంచు తగ్గాక మొదటి రైడ్ నిన్ననే. బందరు నుంచి అవనిగడ్డ వెళ్లి రావడం.

మంచు తగ్గే రోజులంటే మా వైపు మినుము చేతికొచ్చే రోజులు. కోసి ఎండిన మినుము మొక్కల్ని తారు రోడ్డు మీద పరుస్తారు. బండ్లు తొక్కితే కాయ పగిలి గింజ రాలుతుంది. ఆ గింజల మీద సన్నటి టైరు నిలవదు.

అందుకే బావది ఒకటే రూల్. మినుము కనబడితే దిగి నడవాలి.

రెండేళ్ల క్రితం ఇలాంటి మొదటి రైడ్‌లోనే నేను దిగలేదు. పడ్డాను. మోచేతి దగ్గర ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికొచ్చింది. బావ తన చొక్కా చించి కట్టాడు. ఆటోలో ఆసుపత్రి దాకా తిడుతూనే ఉన్నాడు.

"పేపరోడివి గదా. నీ వార్త నువ్వే రాసుకుందామనుకున్నావేంట్రా?"

నిన్న వెళ్లేటప్పుడు రోడ్డు ఖాళీగా ఉంది. తిరిగొచ్చేసరికి ఎండెక్కింది. రోడ్డులో మేం వెళ్లే ఎడమ సగమంతా మినుము పరిచేశారు.

బావ రోడ్ బైక్ మీద అందరికన్నా ముందున్నాడు. బ్రేక్ వేశాడు. ఒక కాలు పెడల్ మీంచి తీశాడు కూడా.

సైకిల్ మీటర్‌లో యావరేజ్ గంటకి ఇరవై ఎనిమిది కిలోమీటర్లు ఉంది. ఇన్ని నెలలు సైకిల్ ముట్టకుండా మొదటి రోజే అంత స్పీడు మాలో ఎవరికీ ఎప్పుడూ రాలేదు.

"దిగకు బావా, యావరేజ్ పోద్ది! ముసలోడివైపోయావా ఏంటి?"

అలా అరిచింది నేనే.

బావ నవ్వాడు. కాలు మళ్లీ పెడల్ మీద పెట్టాడు.

నాలుగు గజాలు వెళ్లాడు. ముందు చక్రం జారింది. రోడ్డు మధ్యకి పడ్డాడు. ఎదురుగా వస్తున్న లారీ రోడ్డుకి తన వైపే ఉంది. డ్రైవర్ స్టీరింగ్ ఎడమకి తిప్పేశాడు. ముందు చక్రం తప్పింది. వెనక చక్రం తప్పలేదు.

హెల్మెట్ మీద గీత కూడా పడలేదు. నోట్లోంచి, ముక్కులోంచి రక్తం వచ్చింది. కాళ్లు రెండుసార్లు కొట్టుకున్నాయి. నేను చెయ్యి పట్టుకునేసరికి ఊపిరి లేదు.

ఆ తర్వాత జరిగింది కూడా రాయాలి.

లారీ డ్రైవర్ పారిపోలేదు. దిగి బావ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. అతన్ని మొదట కొట్టింది ఆ మినుము పరిచిన రైతు. మొక్కలు తిరగేసే కర్రతోనే కొట్టాడు. తర్వాత మా గ్రూప్‌లో సురేష్ గాలి పంపుతో మొహం మీద కొట్టాడు. తర్వాత ఎవరు కొట్టారో లెక్క లేదు.

"నేను గుద్దలేదండీ, ఆయనే జారి పడ్డారండీ, మీ కాళ్లు పట్టుకుంటానండీ."

పట్టుకోబోతే ఆ చేతుల మీద తొక్కారు.

నేను లేచి అడ్డం వెళ్లేసరికి అతని పక్కటెముకలు రెండు విరిగాయి. ఎడమ కన్ను ఉంటుందో లేదో డాక్టర్లు ఇంకా చెప్పలేదు.

ఇక్కడ దెబ్బలు పడుతుండగా, అక్కడ రైతు భార్య మినుమంతా చీపురుతో పొలంలోకి ఊడ్చేసింది. పోలీసులు వచ్చేసరికి రోడ్డు శుభ్రంగా ఉంది.

ఈ ఉదయం వార్తల్లో "అతివేగంగా వచ్చిన లారీ ఢీకొని" అని వచ్చింది. ముప్పై ఏళ్లుగా ఆ వాక్యం నేనూ రాస్తున్నాను. నిన్నటి విషయంలో అది తప్పు. లారీ వేగంగా రాలేదు. ఢీకొనలేదు.

రాత్రి సురేష్ ఫోన్ చేశాడు. "అన్నా, పోయింది మన మనిషి. లారీవాడి తరఫున మాట్లాడతావా? నోరు మూసుకుంటే చాలు గదా, అంతా అదే సర్దుకుంటుంది."

బావ భార్య విజయక్క మాత్రం ఒక్కటే అడిగింది.

"దిగి నడవలేదా తమ్ముడూ? అందర్నీ దిగండి, దిగండి అని చంపుకు తినేవారు గదా?"

దిగబోయాడక్కా, నేనే దిగనివ్వలేదు అని, నేను అరిచిన మాట అన్నది అన్నట్టు చెప్పాను.

అక్క లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

ఈ రోజు మధ్యాహ్నం మూడింటికి పెడనలో అంత్యక్రియలు. సైకిళ్లు తీసుకురావద్దని అక్క కబురు పంపింది. దయచేసి ఎవరూ తేవద్దు.

వెళ్లు బావా. నీ నొప్పి ఆ రోడ్డు మీదే ఆగిపోయి ఉండాలి. ఎక్కడున్నా చల్లగా ఉండు.

రేపు ఉదయం పదింటికి పోలీస్ స్టేషన్‌లో నా వాంగ్మూలం. రోడ్డు మీద మినుము ఉందని, లారీ రోడ్డుకి తన వైపే వచ్చిందని, డ్రైవర్‌ని ఎవరెవరు కొట్టారో, ఆగబోయిన మనిషిని ఎవరు ఆగనివ్వలేదో, పేర్లతో సహా చెప్తాను.